గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ ఎందుకు కుళ్ళదు?

ఆశ్వయుజం వచ్చిందంటే నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ రోడ్ల పక్కన బూడిద గుమ్మడికాయలు గుట్టలుగా వెలుస్తాయి. వాటిలో చాలా వరకు దసరా నాడు లారీల ముందూ దుకాణాల ముందూ పగులుతాయి. మిగిలినవాటికి వేరే కొలువు దొరుకుతుంది. కళ్ళూ మీసాలూ కోరలూ దిద్దించుకుని, ఉట్టిలో కూర్చుని, ఇంటి గుమ్మానికి వేలాడతాయి. సరిగ్గా అవే వారాల్లో అమెరికాలో ఇంకో గుమ్మడికాయకు కూడా ఇలాగే కళ్ళూ కోరలూ వస్తాయి. అక్టోబరు 31న జరుపుకునే హాలోవీన్ కోసం అక్కడివాళ్ళు నారింజరంగు గుమ్మడికాయను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచుతారు. ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు రెండు కాయల్నీ ఎరుగుదురు.

రెండూ భయపెట్టే ముఖాలే, రెండూ గుమ్మం దగ్గరివే. ఆయుష్షు మాత్రం వేరు. చెక్కిన కాయ వాతావరణం వెచ్చగా ఉంటే వారం తిరక్కముందే బూజు పట్టి లోపలికి కుంగిపోతుంది. మన దిష్టి గుమ్మడికాయ దసరాకి కడితే సంక్రాంతి దాటుతుంది. మంచి కాయ పడితే ఉగాది కూడా చూస్తుంది. ఈ తేడా వెనక ఉన్న శాస్త్రం తెలిస్తే మన గుమ్మాలకు చేత్తో చేసుకునే అలంకారాలన్నీ కొత్తగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటి ఆయుష్షును నిర్ణయించేది నీరే. ఎంత నీరు ఉంది, అది ఏ దారిన పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నదే అసలు కథ.

ముందు వంశవృక్షం సంగతి. హాలోవీన్ కాయ కుకుర్బిటా పెపో అనే జాతిది. మెక్సికోలోని ఓహాకా ప్రాంతంలో గిలా నాకిట్స్ అనే గుహలో దొరికిన గింజల్ని బట్టి, మనుషులు దాన్ని సాగు చేయడం మొదలై సుమారు 10,000 ఏళ్ళయింది. ముఖం చెక్కే అలవాటు మాత్రం ఐర్లాండ్ ప్రాంతాలది. అక్కడివాళ్ళు మొదట టర్నిప్ దుంపల్నే చెక్కేవారు. డోనెగాల్‌లోని ఫిన్‌టౌన్ ఊళ్ళో దొరికిన అలాంటి దుంపదీపానికి తీసిన నమూనా ఐర్లాండ్ జాతీయ మ్యూజియంలో ఉంది. చూస్తే నిజంగానే జడుసుకునేలా ఉంటుంది. వలస వెళ్ళినవాళ్ళకు అమెరికాలో దుంప కంటే సులువుగా తొలవగలిగే కాయ దొరికింది. మనం పులుసులో వేసుకునే తియ్యగుమ్మడి కూడా ఆ కుకుర్బిటా ప్రజాతిలోదే, పోర్చుగీసుల రాక తర్వాత సముద్రం దాటి వచ్చింది. బూడిద గుమ్మడి అలా కాదు. బెనిన్‌కాసా హిస్పిడా అనే ఈ తీగ మొదటి నుంచీ ఆసియాదే.

బూడిద గుమ్మడి గుజ్జులో నూటికి దాదాపు 96 పాళ్ళు నీరే. అంత నీటిని అక్టోబరు ఎండలో, తర్వాత వచ్చే తుఫాను ముసురులో, ఆపైన మార్చి వేడిలో నెలల తరబడి పట్టి ఉంచాలంటే తోలు గట్టిదై ఉండాలి. తోలు పైపొర క్యూటిన్ అనే పదార్థంతో అల్లుకుని ఉంటుంది. దాని మీద మైనం. లేత కాయను ముట్టుకుంటే నూగు గుచ్చుకుంటుంది, మైనం పెద్దగా ఉండదు. ముదిరేకొద్దీ నూగు రాలిపోయి తెల్లటి పూత పేరుకుంటుంది. వేలితో రాస్తే అంటుకునే ఆ పొడి సన్నటి మైనపు స్ఫటికాల గుంపు. ఐసోమల్టిఫ్లోరినైల్ అసిటేట్ అనే ట్రైటెర్పినాయిడ్ పదార్థం అందులో ముఖ్యమైనది. విడిగా చూస్తే ఆ స్ఫటికాలకు రంగు లేదు. పంచదార పలుకులు పారదర్శకంగా ఉన్నా మిక్సీలో వేస్తే తెల్లగా మారినట్టే, సన్నటి స్ఫటికాలూ వాటి మధ్య గాలీ కలిసి వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొట్టడంతో కాయ తెల్లగా కనిపిస్తుంది.

ఈ మైనం రెండు పనులు చేస్తుంది. లోపలి నీటిని ఆవిరి కానివ్వదు, బయటి నీటిని నిలవనివ్వదు. ముదిరిన కాయ మీద నాలుగు చుక్కలు చిలకరించి చూడండి, పూసల్లా జారిపోతాయి. బూజు విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అవి మొలకెత్తడానికి తడి పొర కావాలి. తడి నిలవని చోట అవి ఎన్ని పడ్డా మొలవలేవు. పైగా కాయ గుండ్రనిది. ఒకే ఘనపరిమాణం ఉన్న ఆకారాలన్నిటిలోకీ గోళానికే ఉపరితలం తక్కువ. అంటే లోపల ఉన్న నీటితో పోలిస్తే నీరు పోగల దారి చాలా చిన్నది.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. కోసిన తర్వాత కూడా గుమ్మడికాయ ప్రాణంతోనే ఉంటుంది. నెమ్మదిగా శ్వాసిస్తుంది, నిలవ ఉన్న కొద్దిపాటి చక్కెరను ఖర్చు పెట్టుకుంటుంది. చిన్న గీతలు పడితే మాన్పుకుంటుంది కూడా. అమెరికా రైతులు గుమ్మడికాయలు కోశాక పదిరోజుల పాటు 27 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంచేది ఇందుకే. ఆ వేడిలో గీతల చోట జీవకణాలు కొత్త గట్టిపొర కట్టుకుంటాయి. కానీ ముఖం చెక్కడమంటే గీత పడటం కాదు. కళ్ళకీ నోటికీ పెద్ద రంధ్రాలు తెరుచుకుంటాయి, లోపలి గోడ అంతా గీకేస్తారు, తీపి గుజ్జు తడితడిగా గాలికి బయటపడుతుంది. అంత గాయాన్ని ఏ కాయా మాన్పుకోలేదు. లోపలి దీపం వేడి కూడా తోడైతే ఫ్యుసేరియం, పెనిసిలియం, రైజోపస్ లాంటి బూజులకు అంతకంటే ఏం కావాలి? మన దగ్గర ముఖాన్ని దిద్దుతారు తప్ప చెక్కరు. తోలు తెగదు. నెలల ఆయుష్షు అక్కడే వచ్చింది.

కాబట్టి గుమ్మానికి కట్టే కాయను ఎంచేటప్పుడు చూడాల్సింది తోలునే. పూత ఒత్తుగా, సమంగా ఉండాలి. తొడిమ రెండు మూడు అంగుళాలైనా మిగిలి, పొడిగా ఉండాలి. తొడిమ ఊడిన చోట తోలు ఉండదు, కుళ్ళు తరచు అక్కడి నుంచే మొదలవుతుంది. తోలు మీద సూదిగుచ్చుల్లాంటి మచ్చలుంటే వదిలేయండి. లేత దశలో పండు ఈగ తోలు కింద గుడ్లు పెట్టి ఉండొచ్చు. అలాంటి కాయ బయటికి నిగనిగలాడుతూనే లోపల పురుగుపడుతుంది. కొన్న కాయను ఇంటికి తెచ్చి శుభ్రంగా తోమి కడగడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయొద్దు. పీచుతో తోమితే పోయేది మురికి కాదు, దాన్ని కాపాడే మైనం.

మరి బొట్టూ మీసాలూ ఎలా దిద్దాలి? నీళ్ళలో కలిపిన రంగు మైనం మీద పట్టదు. అందుకే ముఖం దిద్దే చోట మాత్రమే పొడిగుడ్డతో మెల్లిగా తుడిచి, మిగిలిన పూతను అలాగే ఉంచాలి. తెలుపుకి సున్నం, నలుపుకి దీపపు మసి, ఎరుపుకి కుంకుమ లేదా జాజు వాడతారు. డబ్బాలో వచ్చే ఎనామిల్ రంగు గట్టిగా పట్టే మాట నిజమే, కానీ అందులోని ద్రావకం మైనాన్ని కరిగిస్తుంది. కాయను వాన జల్లు తగలని చోట, గాలి ఆడేలా కట్టాలి. తలుపు రెక్క కొట్టుకునే చోట కడితే రోజూ దెబ్బ తిని తోలు నలుగుతుంది. వారానికోసారి అడుగు భాగాన్ని వేలితో నొక్కి చూడాలి. మెత్తబడినా, పులిసిన వాసన వచ్చినా వెంటనే దించేయాలి. ఐదారు కిలోల బరువు నెత్తి మీద వేలాడుతోందని మరవకూడదు.

రంగుల దగ్గరికి వస్తే, ఈ ప్రాంతానికి సున్నం పరాయిది కాదు. జగ్గయ్యపేట నేల అడుగున ఉన్నది నార్జి సున్నపురాయి. ఏనాటిదో ఒక సముద్రం అడుగున పేరుకున్న ఆ రాయి వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. జయంతిపురం దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ బతుకుతున్నది దీని మీదే. రాయిని సుమారు 900 డిగ్రీలకు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమంటూ తడిసున్నం అవుతుంది. గుమ్మడికాయ మీదో గోడ మీదో పూశాక గాలిలోని ఆ వాయువునే తిరిగి పట్టుకుని మెల్లగా రాయిగా మారిపోతుంది. అందుకే సున్నపు చుక్క ఎండకు వెలవదు. అది రంగు వేసుకున్న వస్తువు కాదు, పలచటి రాయి.

ఈ ఊళ్ళో గుమ్మాన్ని అలంకరించడానికి సున్నపురాయిని వాడటం కూడా కొత్త కాదు. జగ్గయ్యపేట దగ్గరి ధనబోడు గుట్ట మీది బౌద్ధ స్తూపానికి వాడిన ఫలకాలు సున్నపురాయివే. జేమ్స్ బర్జెస్ వాటిని పరిశీలించి 1887లో అమరావతి స్తూపంతో కలిపి పుస్తకం ప్రచురించాడు. శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆ స్తూపం దగ్గరి శాసనం ఒకటి నాకు మిగిలినవాటన్నిటికంటే ఇష్టం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే పనివాడు మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని అది చెబుతుంది. ఆ రోజుల దానశాసనాల్లో రాజులూ రాణులూ వర్తకులూ చాలామందే ఉంటారు. చేతిపని చేసుకుని బతికేవాడు వాకిలికి తన కానుక ఇచ్చి పేరు చెక్కించుకోవడం చూస్తే మనసు నిండుతుంది.

పసుపు కథ సున్నానికి పూర్తిగా వ్యతిరేకం. గడపకు రాసిన పసుపు వారానికే పాలిపోతుంది. పసుపులోని కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోయే పదార్థం కావడమే కారణం. అదే కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపునీళ్ళలో చిటికెడు సున్నం వేయగానే దిష్టినీళ్ళు ఎర్రబడేది ఇలాగే. సున్నపు తడిలో కుర్కుమిన్ అణువు తన హైడ్రోజన్‌లో కొంత వదులుకుని వెలుతురును వేరేలా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మన కంటికి పసుపుపచ్చ పోయి ఎరుపు మిగులుతుంది. పాత పద్ధతిలో కుంకుమ చేయడానికీ ఈ మార్పే ఆధారం. కానీ క్షారంలో కుర్కుమిన్ ఇంకా త్వరగా విరుగుతుంది. అందుకే పండగ నాటి ఎరుపు నాలుగు రోజులకే మట్టిరంగు తిరుగుతుంది. నిలిచే ఎరుపు కావాలంటే జాజే దిక్కు. జాజులో ఉన్నది ఇనుప ఆక్సైడ్, అంటే ఒకరకంగా తుప్పే. ఇప్పటికే తుప్పయినదాన్ని గాలీ ఎండా ఇంకేం చేయలేవు. పండగకు పసుపు రాయండి, ఏడాదంతా ఉండాల్సిన ముగ్గు అంచుకి జాజు వాడండి అన్నది నా సలహా.

ఇక మామిడి తోరణం. దీని గురించి ప్రతి పండక్కీ ఒక మాట వినిపిస్తుంది: తెంపిన తర్వాత కూడా మామిడాకులు ఆక్సిజన్ ఇస్తూ ఇంటి గాలిని శుద్ధి చేస్తాయని. మన ఆచారానికి మేలు చేయాలన్న ఉద్దేశంతోనే చెబుతారు గానీ ఆకు నిర్మాణం ఆ మాటకు ఒప్పుకోదు. మామిడాకుకి గాలి పీల్చే రంధ్రాలు అడుగువైపే ఉంటాయి. కొమ్మ నుంచి తెంపగానే నీటి సరఫరా ఆగుతుంది. ఆకులో ఆబ్‌సిసిక్ ఆమ్లం పెరిగి రంధ్రాలు మూసుకోమంటుంది. రంధ్రాలు మూసుకున్నాక వాయువుల రాకపోకలు దాదాపు ఆగిపోతాయి. గుమ్మానికి కట్టిన ముప్పై ఆకుల నుంచి ఇంటి గాలికి చేరే ఆక్సిజన్ లెక్కలోకి రాదు.

అయితే రంధ్రాలు మూసుకోవడం వల్లే తోరణం తోరణంగా నిలుస్తుంది. మందమైన తోలులాంటి ఆకు, పైన మైనపు పొర, కింద మూసుకున్న రంధ్రాలు. బంతిపూలు వడలిపోయాక కూడా ఆకులు నిటారుగా ఉండటానికి కారణం అది. నాలుగైదు రోజులకు ఆకుపచ్చ కాస్తా మెహందీ రంగులోకి తిరుగుతుంది. అప్పటికి కణాలు చచ్చి వాటిలోని ఆమ్లం బయటికి వస్తుంది. పత్రహరితం మధ్యలో ఉండే మెగ్నీషియం పరమాణువును ఆ ఆమ్లం ఊడగొడుతుంది. తోటకూరలో చింతపండు వేసి ఉడికిస్తే వచ్చే రంగుమార్పు వెనకా జరిగేది ఇదే.

ఇక్కడ అమెరికా ఆకురాలుకాలం ప్రస్తావన వస్తుంది. అక్కడ ఇళ్ళకు కట్టే దండల్లో మేపుల్, ఓక్ చెట్ల ఎర్రటి పసుపుపచ్చటి ఆకులే ప్రధానం. పగళ్ళు కురచై చలి మొదలవగానే ఆ చెట్లు పత్రహరితాన్ని విడదీసి, ఆకుల్లోని నత్రజనిని వెనక్కి లాక్కుంటాయి. అప్పటిదాకా దాగి ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లు ఎర్రటి ఆంథోసయనిన్లు కొత్తగా తయారుచేసుకుంటాయి. ఇదంతా చెట్టుమీద, ప్రాణం ఉండగా జరగాల్సిన పని. తెంపిన మామిడాకుకి ఆ అవకాశం లేదు కాబట్టే అది ఎరుపెక్కకుండా మట్టిరంగు తిరుగుతుంది. మన చెట్లు ఆకు రాల్చేది కూడా చలికి కాదు, నీటి కరువుకి. అక్టోబరులో మునేరు, పాలేరు ఒడ్లన్నీ పచ్చగా ఉంటాయి. మోదుగులు మోడవడం మాఘ ఫాల్గుణాల ముచ్చట.

రాలే ఆకు లేకపోయినా ఈ రుతువుకి మన పొలాల్లో ఒక నిలవపువ్వు ఉంది. గునుగు. జగ్గయ్యపేట దాటితే కోదాడ, అక్కడి నుంచి తెలంగాణ. అక్కడ బతుకమ్మను పేర్చేటప్పుడు తంగేడుతో పాటు గునుగు వరసలు వరసలుగా వస్తుంది, చాలాచోట్ల దాన్ని రంగునీళ్ళలో ముంచి వాడతారు. మనవైపు చేలలో మాత్రం కలుపని పీకి గట్టున పడేస్తాం. అది నాకు బాధగా ఉంటుంది. గునుగు కంకిలో మెరిసే రేకులు పుట్టుకతోనే కాగితంలా పొడిగా ఉంటాయి. వడలడమంటే కణాల్లోని నీటి ఒత్తిడి పోయి రేకు వాలిపోవడం. మొదటి నుంచీ నీరే లేని రేకు ఏం వాలుతుంది? తలకిందులుగా కట్టి నీడలో ఆరబెడితే నెలల తరబడి ఆకారం చెడదు. బంతిపువ్వు అలా నిలవదు గానీ దాని రంగు నిలుస్తుంది. బంతిలోని లూటిన్ నూనెలాంటి ఎస్టర్ల రూపంలో ఉంటుంది, నీటితో కారిపోదు. బంతి కూడా మెక్సికో నుంచే వచ్చింది. నవంబరు మొదట్లో అక్కడివాళ్ళు పితృదేవతల పండగకి ఇళ్ళనూ సమాధులనూ ఇదే పువ్వుతో నింపుతారు.

లారీలకు కట్టే నిమ్మకాయ మిరపకాయల దండ సంగతి కూడా చెప్పాలి. దారం గుచ్చిన కాయ కుళ్ళాలి కదా, మిరపకాయ ఎండుతుందే గానీ సాధారణంగా కుళ్ళదు. గోడ పలచన, నీరు త్వరగా పోతుంది. దానికితోడు కారం. బొలీవియాలోని అడవి మిరప మీద జోషువా ట్యూక్స్‌బరీ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పురుగులు పొడిచిన రంధ్రాల గుండా దూరే ఫ్యుసేరియం బూజు నుంచి గింజల్ని కాపాడేది ఆ కారమే. హాలోవీన్ కాయను వారంలో కూలదోసే బూజు కుటుంబం అదే. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఎండుమిరప దండల్ని ఆకురాలుకాలం అలంకారంగా గుమ్మాలకు వేలాడదీస్తారు. వాటిని అక్కడ రిస్ట్రాలంటారు. మిరప పండే మన ఊళ్ళలో మాత్రం ఎండుమిరపకు కల్లంలో తప్ప గుమ్మం మీద చోటు లేదు.

చివరగా పత్తి. అమెరికాలో ఈ కాలపు దండల్లో విచ్చిన పత్తికాయల కొమ్మలు వాడతారు. నందిగామ నల్లరేగడిలో అవే కాయలు అక్టోబరు, నవంబరులో విచ్చుకుంటాయి. కాయ గోడలు ఎండి, అతుకుల వెంట చీలి వెనక్కి వంగుతాయి. లోపలి పోగు ఒక్కొక్కటీ ఒకే కణం, గింజ పైపొర నుంచి పొడుగ్గా సాగినది. ఎండగానే గొట్టంలాంటి ఆ కణం చదునై మెలికలు తిరుగుతుంది. మిగిలేది దాదాపు శుద్ధమైన సెల్యులోజు. వెదురుబద్దను గుండ్రంగా వంచి కట్టి, దానికి పత్తికాయలూ గునుగూ నాలుగు వరికంకుల కుచ్చులూ కలిపితే ఏ బజారులోనూ దొరకని దండ అవుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మిగిలిపోయిన పత్తికాయల్లో గులాబీరంగు కాయతొలుచు పురుగు లార్వా నిద్రావస్థలో ఉండి, మళ్ళీ పైరు వేసేనాటికి రెక్కలపురుగై బయటికి వస్తుంది. పత్తి కట్టెను ఇళ్ళ దగ్గర నిలవ పెట్టుకోవద్దని వ్యవసాయాధికారులు చెప్పేది అందుకే. పూర్తిగా విచ్చిన కాయల్నే తీసుకోవాలి, గింజల్ని చిదిమి చూడాలి. రెండు గింజలు అంటుకుని ఉన్నా, రంధ్రం కనిపించినా ఆ కాయ పనికిరాదు. బాగున్నవాటిని గట్టి ఎండలో ఆరబెట్టాకే దండకు కట్టాలి. ఆ దండ జూన్ విత్తనాలదాకా గుమ్మం మీద ఉండకూడదు. వేసవిలోనే దించి పొయ్యిలో పెట్టేయాలి.